నీళ్ళు ఆపితే పూచే తోట

మే నెలలో జంషెడ్‌పూర్ ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. చలికాలమంతా కద్మా, సోనారి క్వార్టర్ల ముందు వెలిగిన డాలియాలు, చామంతులు అప్పటికి ఎండిపోయి కుండీలే మిగులుతాయి. ఆ వరసలోనే ఒకటి రెండు ఇళ్ళ దగ్గర కాళ్ళు ఆగుతాయి. లావాటి కొమ్మల చివర తెల్లని దేవగన్నేరు గుత్తులు, కత్తుల్లా నిలబడ్డ చారల ఆకులు, గోడ మీంచి వంగిన కాగితాల పూలు. ఏదో దూరదేశపు తోటలా ఉంటుంది. దానికి వారానికొకసారి నీళ్ళు పోస్తే ఎక్కువ.

ఈ ఊరి ఊహలోనే చెట్టు ఉంది. కట్టబోయే ఉక్కు నగరంలో వీధుల వెంట నీడచెట్లు నాటించమని, పచ్చికకూ తోటలకూ చోటు వదలమని జంషెడ్‌జీ టాటా 1902లోనే కొడుకు దోరాబ్‌జీకి ఉత్తరం రాశారు. 1958లో తెరిచిన జూబిలీ పార్కుకు మైసూరు బృందావనం నమూనా. పార్కుకు తోటమాలులున్నారు. షిఫ్టు డ్యూటీల ఇంటికి లేరు. పైగా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మాలాంటి వాళ్ళం వేసవిలో ఇరవై రోజులు ఊరెళ్ళి వస్తే, తిరిగొచ్చేసరికి తోట బతికుండాలి.

తోటకు కొత్తదనం తెచ్చేది అరుదైన మొక్క కాదు, మొక్క ఆకారం. నిటారుగా లేచే చాగ పక్కన దళసరి ఆకుల రణపాల, వెనక వెడల్పాటి ఆకుల కిత్తనార ఉంటే చాలు, పువ్వు లేకపోయినా చూపు నిలుస్తుంది. చాగ మన తూర్పు తీరపు మొక్క. దాని నారతో పూర్వం వింటినారి పేనేవారు. సామర్లకోటలో ఏళ్ళ తరబడి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ పేరే దాని శాస్త్రీయ నామంలో ఉంది. నర్సరీలో పసుపు అంచులతో అమ్మే స్నేక్ ప్లాంట్ దీనికి ఆఫ్రికా చుట్టం. దాన్ని ఆకు ముక్కతో పెంచితే ఆ పసుపు అంచు పోతుంది, దుంప చీల్చి నాటితేనే నిలుస్తుంది.

కలబంద, కిత్తనార, చాగ పగటి ఎండలో ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటాయి. తాగిన నీరు ఆవిరైపోకుండా దాచుకునే తెలివి అది. అందుకే వీటికి ఎండ కంటే వాన ప్రమాదం. ఇక్కడి వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. మొదటి ఏడాది నేను ప్రేమకొద్దీ జూలైలోనూ నీళ్ళు పోసి కలబందలన్నీ కుళ్ళబెట్టుకున్నాను. ఆ తర్వాత మడిని జానెడు ఎత్తు లేపాను. ఎర్రమట్టిలో దానికి సమానంగా ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి, చివికిన పేడ ఎరువు గుప్పెడు వేశాను. ఎడారి గులాబీ కుండీని మాత్రం వానాకాలం చూరు కిందికి జరపాల్సిందే.

దేవగన్నేరుకు కొమ్మ చాలు. ఫిబ్రవరి చివర మూరెడు కొమ్మ కోసి, పాలు కారడం ఆగి కోత ఎండేదాకా వారం రోజులు నీడలో ఉంచాలి. పచ్చిగా నాటితే మొదలు కుళ్ళుతుంది. చలికి ఆకులన్నీ రాలితే చచ్చిందనుకుని పీకేసేవాళ్ళను చూసి బాధేస్తుంది. అది నిద్రపోతోంది, అంతే. గన్నేరు కూడా మొండిదే, కానీ ఒళ్ళంతా విషం. పసిపిల్లలున్న ఇంట్లో నేనైతే నాటను.

కాగితాల పూలలో మనం పువ్వనుకునేది రంగు మారిన ఆకు. అసలు పువ్వు మధ్యలో తెల్లగా, చిన్నగా ఉంటుంది. నీళ్ళూ ఎరువూ ఎక్కువైతే తీగ ఆకులు వేసుకుంటూ పోతుంది, మట్టి ఎండితే పూస్తుంది. పోయిన మేలో ఊరి నుంచి తిరిగొచ్చేసరికి ఇరవై రోజులుగా చుక్క నీరెరగని ఆ తీగ గేటునంతా కప్పేసి పూసి ఉంది. తాళం తీయాలంటే కొమ్మలు పక్కకు పట్టుకోవాల్సి వచ్చింది.