గడియారాన్ని చదివిన కన్ను

పాత డిటెక్టివ్ నవలలోని పనితనం చూడాలంటే ఆర్థర్ కానన్ డాయిల్ 1890లో వెలువరించిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ మొదటి అధ్యాయం చాలు. వాట్సన్ తన చేతికి ఈమధ్యే వచ్చిన పాత జేబు గడియారాన్ని షెర్లాక్ హోమ్స్‌కిచ్చి పరీక్ష పెడతాడు. హోమ్స్ భూతద్దంతో చూసి, అది వాట్సన్ అన్నగారిదనీ, ఆయన బతుకు చెడగొట్టుకుని తాగుడుకు బలయ్యాడనీ చెబుతాడు. వాట్సన్ మనసు గాయపడుతుంది. తన కుటుంబం సంగతులు ఎక్కడో ఆరా తీశాడని మండిపడతాడు. అప్పుడు బయటికొస్తాయి ఆధారాలు: మూత లోపల తాకట్టు వ్యాపారులు గీసిన నంబర్లు, తాళంచెవి పెట్టే రంధ్రం చుట్టూ తాగినవాడి చెయ్యి వణికి పడిన గీతలు.

ముందు తీర్పు, తర్వాత నొప్పి, ఆఖర్న రుజువు. ఈ వరస తిరగబడితే మిగిలేది తెలివి ప్రదర్శనే. వరస ఇలా ఉండబట్టే చిన్న గీతలో ఒక మనిషి పతనం కనబడుతుంది. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజులతో పెరిగిన తెలుగు పాఠకులకు హోమ్స్, వాట్సన్‌ల జంట ఇట్టే దగ్గరవుతుంది.

తర్వాత కథలో ఒక హత్య జరుగుతుంది. హంతకుడి పాదానికి ఘాటు వాసన వేసే క్రియోసోట్ అంటుకుంటుంది. ఆ వాసన పట్టుకుని టోబీ అనే కుక్క హోమ్స్, వాట్సన్‌లను లండన్ వీధులన్నీ తిప్పి, చివరికి క్రియోసోట్ పీపా మీద గర్వంగా నిలబడుతుంది! డాయిల్ తన నాయకుడి పద్ధతి తప్పటడుగు వేయడాన్ని దాచడు. అందుకే ఆ తర్వాత హోమ్స్ చెప్పేది నమ్ముతాం.

ఆ నమ్మకం దెబ్బతినేది అండమాన్ దగ్గర. హంతకుడు టోంగా అండమాన్ ఆదివాసి. అతని జాతి ఎలాంటిదో తేల్చడానికి హోమ్స్ భూతద్దం తీయడు. కొత్తగా అచ్చయిన గెజెటీర్ అనే భౌగోళిక నిఘంటువు తీసి, వాళ్లు వికారులు, క్రూరులు, నరమాంసభక్షకులు అని చదివి వినిపిస్తాడు. అదే రుజువైపోతుంది. నిజానికి అండమానీయులు నరమాంసం తినేవాళ్లు కారు. వాళ్ల ఆయుధం విల్లు. డాయిల్ టోంగా చేతికి ఊదుడు గొట్టం ఇచ్చాడు. కథలోని కుట్రలో పాల్గొన్న పంజాబీ సిక్కుల్లో ఒకరికి అబ్దుల్లా ఖాన్ అని ముస్లిం పేరు కూడా పెట్టాడు.

విశాఖ రేవు నుంచి అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం) ఓడలు నడుస్తాయి. ఉత్తరాంధ్ర తీరంలో అండమాన్‌లో చుట్టాలున్న కుటుంబాలెన్నో. విశాఖ మధురవాడలో కూర్చుని చదివేవారికి ఆ దీవులు లోకం అంచున లేవు. 1858లో అక్కడ బ్రిటిష్‌వాళ్లు ఖైదీల స్థావరం పెట్టాక, బయటి నుంచి వచ్చిన జబ్బులకు, 1877 నాటి తట్టుకు, అండమానీయులు పెద్ద సంఖ్యలో చనిపోయారు. నవల వచ్చేనాటికి నిజంగా భయపడాల్సిన వాళ్లు వాళ్లే.

అయినా ఈ నవల చదవాలి. జబ్బుపడిన టోంగాను తాను బతికించాననీ, ఆ కృతజ్ఞతతోనే అతను తనను వదల్లేదనీ టోంగాతో కలిసి తిరిగిన నేరస్థుడు జోనాథన్ స్మాల్ చివర్లో చెబుతాడు. తర్వాత ఇంగ్లండ్ సంతల్లో అతన్ని నరభక్షకుడిగా చూపించి, పచ్చిమాంసం తినిపించి, ఆ డబ్బుతో బతికానని కూడా ఒప్పుకుంటాడు. క్రూరత్వం టిక్కెట్టు పెట్టి ఆడించిన వేషమని అక్కడ తేలిపోతుంది. గెజెటీర్‌ను కొట్టేసే సాక్ష్యం డాయిలే రాశాడు. హోమ్స్ దాన్ని విని ఊరుకున్నాడు. గడియారం మీది గీతలంత శ్రద్ధగా స్మాల్ వాంగ్మూలాన్ని మనం చదవాలి.