హిమములోని మృగము, మన మాటలోని మంచు

తెలుగు కవిత్వమున లేడికి రెండే పనులు మిగిలినవి: చూచుట, బెదరుట. నాయిక కన్నులకు అది ఉపమానము. వేటకాని బాణమునకు అది గురి. అది ఏమి తినునో, ఎక్కడ పరుండునో, గడ్డుకాలమును ఎట్లు గడుపునో అడిగిన కవులు అరుదు. మన అడవిని గూర్చి వ్రాయునపుడు ఈ లోటు అంతగా బాధింపదు. పాఠకునకు ఆ అడవి కొంత తెలియును గనుక, కవి విడిచినదానిని తానే పూరించుకొనును. హిమదేశముల కథను తెలుగు చేయునపుడు ఆ పూరణకు ఆధారము లేదు. అచ్చట పాఠకునకు దిక్కు అనువాదకుని మాట ఒక్కటియే. ఆ మాట చాలుచున్నదా అనునది ఈ వ్యాసమునందలి ప్రశ్న.

పూర్వకవులందరు మృగమును చూడలేదని నా అభిప్రాయము కాదు. శాకుంతలము ప్రథమాంకమున రథమునకు ముందు పరుగెత్తు మృగము మెడ త్రిప్పి వెనుకకు చూచును. సగము నమలిన దర్భ దాని నోటినుండి జారును. నాలుగవ అంకమున శకుంతల కొంగు పట్టిన లేడిపిల్ల, కుశాగ్రములు గ్రుచ్చుకొని నోరు గాయపడగా ఆమె నూనె పూసి మాన్పినది, శ్యామాకధాన్యము పిడికిళ్ళతో పెట్టి పెంచినది. ఇది కన్నులార చూచినవాని రచన. కాళిదాసునకు మృగము తినునది, గాయపడునది, వాసన గలది. తరువాతివారు ఆ మృగమునుండి కన్నులను మాత్రము వేరుచేసి తీసికొనిరి.

మంచు విషయమున మన ప్రబంధములలో ఒక గొప్ప మినహాయింపు కలదు. మనుచరిత్రమున ప్రవరుని పాదలేపము హిమాలయమున మంచునీటికి కరగిపోయినది. పెద్దనగారి మంచు అలంకారము కాదు. అది కథలో పని చేసినది. అది కరగనిచో ప్రవరుడు సాయంకాలమునకు ఇల్లు చేరును, వరూధిని కథయే లేదు. అనువాదకులు ఆదర్శముగా గైకొనవలసినది పని చేయు ఇట్టి మంచునే.

ఇక మాటల సంగతి. మనము ‘జింక’ అను ఒకే మాటతో రెండు జాతులను పిలుచుచున్నాము. కృష్ణజింక కొమ్ములు జీవితాంతము నిలుచును. దుప్పి, కణుజు మొదలగువాని కొమ్ములు ఏటేట రాలి మరల మొలచును. తెలంగాణ రాష్ట్రము 2014లో ‘జింక’ను రాష్ట్రజంతువుగా ప్రకటించినపుడు ఉద్దేశించినది చుక్కల దుప్పిని, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు కృష్ణజింక. రెండు తెలుగు రాష్ట్రములు ఒకే పేరు చెప్పి రెండు వేరు మృగములను చూపుచున్నవి. ఉత్తరదేశపు హిమమున బ్రతుకు మృగములు చాలవరకు దుప్పిజాతివి. వానిని ‘లేడి’ అని అనువదించినపుడు, శీతకాలపు అడవిలో రాలిన కొమ్ము దొరకుట పాఠకునకు వింతగా తోచును.

‘మంచు’ అను మాటకు పని మరింత ఎక్కువ. గడ్డిపై నీటిబొట్టు మంచు, ఉదయము దారి కప్పునది మంచు, హిమాలయశిఖరముపైనున్నది మంచు, గ్లాసులో వేసికొనునది మంచుగడ్డ. అమరసింహుడు నీహారమును, తుషారమును, తుహినమును, హిమమును, ప్రాలేయమును ఒకే వరుసలో పర్యాయపదములుగా చేర్చెను. అయినను హిమము పేరుకొనిన రాశికి ‘హిమాని’ అను ప్రత్యేకపదమును అతడే చెప్పెను. మన భూగోళశాస్త్రము ‘హిమానీనదము’ అను సమాసమున ఆ పదమును నిలుపుకొన్నది, సాహిత్యము మరచినది.

ఎండాకాలమున నలువది డిగ్రీలు దాటు భిలాయిలో కూర్చుండి హిమమును గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ ఉక్కునగరము 1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒడంబడికవలన వెలసినది. 1959 ఫిబ్రవరి 4న ఇచ్చటి మొదటి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమైనది. 1972లో వెలసిన మైత్రీబాగ్ ఆ స్నేహమునకే గుర్తు. ఆ దశాబ్దములలోనే మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకములు మన ఇండ్లకు చేరినవి. రష్యను భాషలో గాలికి పేరుకొనిన హిమపు దిబ్బ ‘సుగ్రోబ్’. పైన గట్టిపడిన పెంకు ‘నస్త్’. క్రొత్తగా కురిసిన పలుచని పొర ‘పరోషా’. తెలుగున ఈ మూడును తరచుగా మంచే అయినవి.

ఈ భేదము కేవలము నిఘంటువునకు సంబంధించినది కాదు, ప్రాణములకు సంబంధించినది. సోవియట్ జీవశాస్త్రజ్ఞుడు ఫొర్మొజొవ్ 1946లో ప్రకటించిన గ్రంథమున హిమపు లోతు, గట్టిదనము జంతువుల బ్రతుకును ఎట్లు నిర్ణయించునో విశదీకరించెను. లోతైన మెత్తని హిమమున దుప్పి ఱొమ్మువరకు దిగబడి, ప్రతి అడుగునకు శక్తిని ధారపోయును. పైన పెంకు కట్టినపుడు మరింత ప్రమాదము. బరువైన దుప్పి చిన్న గిట్టలతో ఆ పెంకును విరుచుకొని దిగబడును, దాని కాళ్ళు చీరుకొనిపోవును. వెడల్పు పంజాలుగల తోడేలు అదే పెంకుపై పరుగెత్తును. ఈ సన్నివేశమును “మంచులో లేడి పరుగెత్తలేకపోయినది, తోడేలు పరుగెత్తినది” అని తెలిగించినచో, పాఠకుడు లేడిని పిరికిదనియో అలసినదనియో తలచును. దాని చావునకు కారణము అనువాదమున మాయమైనది.

మరి ఆ మృగములు ఎట్లు బ్రతుకుచున్నవి? శరత్కాలమున అవి క్రొవ్వు కూడబెట్టుకొనును. బోలు వెండ్రుకలతో, లోపల దట్టమైన నూగుతో క్రొత్త చర్మవస్త్రము ధరించును. వీపుపై పడిన హిమము కరగకుండుటయే ఆ వస్త్రపు గొప్పతనమునకు సాక్ష్యము. లోపలి వేడి బయటికి పోవుట లేదన్నమాట. శీతకాలమున వాని ఆకలియే తగ్గును, కదలిక తగ్గును. ఎఱ్ఱదుప్పులపై ఆస్ట్రియా పండితులు 2004లో ప్రకటించిన పరిశోధనప్రకారము చలిరాత్రులలో వాని గుండెవేగము తగ్గును, శరీరపు పైభాగము చల్లబడును. శక్తిని పొదుపు చేయుటయే వాని శౌర్యము.

ఉత్తర అమెరికాలోని తెల్లతోక దుప్పులు సూదియాకు వృక్షముల క్రిందికి మందలుగా చేరును. ఆ కొమ్మలు హిమమును పైననే ఆపును, గాలిని అడ్డును. మంద నడచి నడచి బాటలు త్రొక్కును. ఒకటి వేసిన అడుగులో మరియొకటి అడుగు వేయును. ఆ బాటలే మేతకు మార్గము, తోడేలునుండి తప్పించుకొను మార్గము. తల్లి వెంట వచ్చిన పిల్ల మరుసటి ఏడు అదే తావునకు వచ్చును. కొన్ని తావులు తరతరములుగా నిలిచియున్నవి. ఉత్తర అమెరికాలో ‘కారిబూ’ అని పిలువబడు ధ్రువదుప్పి ఆ పేరును మిక్మాక్ జాతివారి భాషనుండి పొందినది: హిమమును కాలితో త్రవ్వునది అని అర్థము. ఆ జాతి మృగమునకు దాని పనినిబట్టి పేరు పెట్టినది. మనము దాని కన్నులనుబట్టి స్త్రీకి పేరు పెట్టినాము.

కరుణ విషయమునను ఇదే భేదము కనుపించును. శకుంతల శ్యామాకము పెట్టి పెంచినది. అది తపోవనము, నిత్యమైన పోషణ. శీతకాలమున చివుళ్ళు, బెరడు తిను దుప్పి కడుపులోని సూక్ష్మజీవులు ఆ మేతకే అలవాటుపడియుండును. అట్టిదానికి హఠాత్తుగా ధాన్యము రాశిగా పెట్టినచో కడుపులో ఆమ్లము పెరిగి, నిండు కడుపుతోనే అది మరణింపవచ్చును. తెలియని కరుణ ఇట్లు చంపగలదు. చావునకు చలి ఒక్కటియే కారణమనుటయు సరికాదు. అలాస్కాకు చెందిన సెయింట్ మాథ్యూ ద్వీపమునకు 1944లో 29 ధ్రువదుప్పులను తెచ్చి విడిచిరి. 1963 నాటికి అవి సుమారు 6,000 అయినవి. ముఖ్యాహారమైన శైలేయమును తినివేసినవి. 1963–64 చలికాలము వచ్చి పోయిన పిమ్మట, 1966లో మిగిలినవి 42. హిమము కడపటి దెబ్బ కొట్టినది. నాశనము అంతకుముందే మేతలో మొదలైనది. ఇది ఏ నవలాకారుడైనను ఆశింపదగిన కథానిర్మాణము.

“మనకు లేని హిమము మనకేల?” అని అడుగువారుందురు. హిమము మన దేశమునకు పరాయిది కాదు. శ్రీనగరము చెంతనున్న దాచీగామ్ అడవిలో హంగుల్ అను కాశ్మీరపు దుప్పి వేసవిని పైకొండలలో గడిపి, శీతకాలమున క్రిందిలోయకు దిగును. ఇరువదవ శతాబ్దారంభమున వేలలోనున్న ఆ జాతి 2021 గణనలో 261గా తేలినది. దానిని గూర్చి తెలుగున కథ వ్రాయదలచినవానికి నేడు మాటలు సిద్ధముగా లేవు. అది అంతరించిన పిమ్మట మాటలు కూర్చుకొనుటలో ప్రయోజనము లేదు.

రాచమల్లు రామచంద్రారెడ్డిగారు మాస్కోలో అనువాదకులుగా పనిచేసినవారు. వారి ‘అనువాద సమస్యలు’ 1988లో సాహిత్య అకాడమీ బహుమతి పొందినది. ఆ చర్చను వస్తువుల పేర్ల వరకు కొనసాగించుట మన బాధ్యత. నా సూచన ఇది: పొగవంటిదానికి, బొట్టువంటిదానికి ‘మంచు’ను ఉంచుకొందము. ఆకాశమునుండి తెల్లగా రాలుదానిని ‘హిమము’ అందము. పేరుకొనిన రాశికి ‘హిమాని’ని మరల తెత్తము. గట్టిపడిన పైపొరను ‘హిమపు పెంకు’ అందము. పెంకు అనినంతనే విరుగునను భావము తెలుగువానికి తోచును. రాలు కొమ్ములు గలదానిని దుప్పి అని, రాలనివి గలదానిని జింక అని పిలుతము. ఇంతకన్న మేలైన మాటలు ఎవరైన చూపినచో అవియే నిలుచును గాక. ఏ మాట నిలిచినను, దుప్పి ఏల దిగబడినదో, తోడేలు ఏల దిగబడలేదో తెలుగు పాఠకునకు వ్యాఖ్య లేకయే తెలియవలెను.