అక్షౌహిణియు, చరిత్రలోని సేనయు

భారతము వినని తెలుగువాడు లేనట్లే పదునెనిమిది అక్షౌహిణులను మాట ఎఱుగని తెలుగువాడును లేడు. తరతరములుగా తమిళ, కన్నడ, ఉత్కళ దేశములలో నివసించు మన యిండ్లలో సయితము ఈ మాట నిలిచియున్నది. అయితే భారతపాఠము చెప్పువారికి దీనివలన ఒక చిక్కు కలదు. ఇంత సేన నిజముగా నుండెనా యని పిల్లలు అడుగుదురు. ఉండెనన్నచో గణితోపాధ్యాయుడు నవ్వును; అంతయు కల్ల యన్నచో కావ్యగౌరవము చెడును. ఈ రెండు సమాధానములును చాలవని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట లెక్క చూతము. నన్నయభట్టారకుడు ఆదిపర్వారంభముననే దీనిని తెలుగువారికి అందించెను. ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుఱ్ఱములు, ఐదుగురు కాల్బంట్లు కలిసినది పత్తి. అటనుండి సేనాముఖము, గుల్మము, గణము, వాహిని, పృతన, చమువు, అనీకిని యని మెట్టుమెట్టునకు ముమ్మడియగుచు పోయి, పది అనీకినులు ఒక అక్షౌహిణి యగును. అనగా 21,870 రథములు, అన్నియే ఏనుగులు, 65,610 గుఱ్ఱములు, 1,09,350 మంది కాల్బంట్లు. కౌరవులవి పదునొకండు, పాండవులవి ఏడు. ఈ లెక్కను కురుక్షేత్రమున 3,93,660 ఏనుగులు నిలువవలెను. 2017లో మన దేశమున జరిగిన గణనలో తేలిన అడవి ఏనుగులు ఇంచుమించు 30,000 మాత్రమే. ఏనుగొక్కటికి దినమునకు నూటయేబది కిలోల మేత యనుకొన్నను, ఆ యుద్ధభూమికి ప్రతిదినము 59,000 టన్నుల మేత చేరవలెను.

ఇక చరిత్ర చెప్పు సేనలు. క్రీ.పూ. 326లో అలెగ్జాండరు నెదిర్చిన పోరసునకు 30,000 కాల్బలము, 4,000 గుఱ్ఱములు, 300 రథములు, 200 ఏనుగులు ఉండెనని ఆరియన్ వ్రాసెను. క్రీ.శ. మొదటి శతాబ్దివాడైన ప్లినీ, మౌర్యరాజధానికి 6,00,000 కాల్బలము, 30,000 గుఱ్ఱములు, 9,000 ఏనుగులు చెప్పి, మన ఆంధ్రులకు ప్రాకారములుగల ముప్పది పట్టణములు, 1,00,000 కాల్బలము, 2,000 గుఱ్ఱములు, 1,000 ఏనుగులు కలవనెను. కళింగులకు ఆయన చెప్పినది 60,000 కాల్బలము, 1,000 గుఱ్ఱములు, 700 ఏనుగులు. ఇవియు గుండుసున్నల లెక్కలే. విదేశీయులు విని వ్రాసినవే. వానిని అక్షరసత్యములని గ్రహింపరాదు.

అయినను మొత్తముల భేదముకంటె పాళ్ల భేదము ముఖ్యమైనది. విమర్శకులు సామాన్యముగా మొత్తమును చూచి ఆశ్చర్యపడుటయో, ఆక్షేపించుటయో చేసి ఆగిపోవుదురు. పత్తిలో ఏనుగొక్కటికి కాల్బంట్లు ఐదుగురే. పోరసు సేనలో ఏనుగొక్కటికి నూటయేబదిమంది; ఆంధ్రుల సేనలో నూరుగురు; మౌర్యుల సేనలో అఱువది కెక్కువ. కావ్యసేన వాహనారూఢులగు వీరుల సేన. చరిత్రసేన నడచిపోవువారి సేన. కవి కల్పనయందు పెరిగినవి ఏనుగులును రథములును, తఱిగినవాడు సామాన్యుడు.

బండి తోలువాని సంగతియు నిట్టిదే. మౌర్యుల సేనను ముప్పదిమంది సభ్యులు ఆఱు సంఘములుగా నేలిరనియు, అందొకటి యంత్రములను, ఆహారమును, పశుగ్రాసమును మోయు ఎద్దుబండ్లను చూచుకొనెననియు మెగస్తనీసు చెప్పినట్లు స్ట్రాబో వ్రాసెను. భారతముననూ ఉద్యోగపర్వమున శిబిరములలో శిల్పులు, వైద్యులు, ఆహారరాసులు కనబడకపోలేదు. కాని అక్షౌహిణి లెక్కలో వారికి తావు లేదు. 1520 నాటి రాయచూరు యుద్ధమునకు కృష్ణదేవరాయలు నడిపిన సేనను నూనిజ్ అను పోర్చుగీసువాడు 7,03,000 కాల్బలము, 32,600 గుఱ్ఱములు, 551 ఏనుగులని వర్ణించెను. ఇది అతిశయోక్తి కావచ్చును. కాని ఆ సేనకు దారిపొడవున నీరందించుటకు తిత్తులతో పండ్రెండువేలమంది యుండిరని కూడ నతడు చెప్పెను. సంఖ్య పెంచినను, సేనకు దప్పిక యగునని అతడు మఱువలేదు. 2015లో వచ్చిన బాహుబలి చిత్రమున త్రిశూలవ్యూహము చూచి మన పిల్లలు పరవశించిరి. ఆ సేనకు వంట చేసినవా రెవరని అడుగుట మనము నేర్పవలసియున్నది. విజయనగర, నాయకరాజుల కాలమున తెలుగువారనేకులు దక్షిణమునకు తరలిరి. మనమందఱము దండనాయకుల సంతతివార మని చెప్పుకొనుట వేడుకగానే యుండును. కాని ఏ సేనలోనైనను నాయకులు కొందఱే గదా.

అట్లని అక్షౌహిణి వ్యర్థకల్పనయా? కాదు. పదునెనిమిది పర్వములు, పదునెనిమిది దినములు, పదునెనిమిది అక్షౌహిణులు: ఇది కావ్యము తన్ను తాను కొలుచుకొను కొలబద్ద. అంత సేనలో యుద్ధానంతరము మిగిలినవారు పాండవపక్షమున ఏడుగురు, కౌరవపక్షమున ముగ్గురు. ఆ పదిమందిని చూపుటకే కవి అన్ని లక్షలను నిలిపెను. ఆ సంఖ్య పరాక్రమమునకు కాదు, స్త్రీపర్వమునందలి దుఃఖమునకు సిద్ధపఱుపబడినది.

చరిత్రయందును అట్టి సంఖ్య యొకటి కలదు. క్రీ.పూ. 261 ప్రాంతమున జరిగిన కళింగయుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షయేబదివేలమంది చెఱగొనిపోబడిరనియు, అంతకు పెక్కురెట్లు మరణించిరనియు అశోకుడు తన పదుమూడవ శాసనమున చెప్పుకొనెను. ఈ శాసనము కర్నూలు మండలములోని ఎఱ్ఱగుడి బండపై నున్నది. కళింగములోని ధౌలి, జౌగడలయందు మాత్రము వ్రాయింపబడలేదు. దెబ్బతిన్న జనుల ముంగిట ఆ లెక్క చెప్పుటకు రాజు వెనుకాడెనని తలచుట అసంగతము కాదు.

కావున పిల్లల ప్రశ్నకు సమాధానము ఇది: అంత సేన లేదు, అంత దుఃఖము మాత్రము ఉండెను. కావ్యము దుఃఖమును కొలిచినది. చరిత్ర మేతను, నీటిని, కాలినడకను కొలిచినది. రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన నుంచి చదివించినచో భారతమునకు గౌరవలోపమును రాదు, గణితమునకు భంగమును రాదు.