కాయ కోతల నెల

సంక్రాంతి వెళ్లిందంటే మా చిలకలూరిపేట చుట్టుపక్కల పనికి మనిషి దొరకడం కష్టం. తెల్లారకముందే కూలీల ఆటోలు చేలకు బయల్దేరతాయి. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మూటాముల్లెతో వచ్చి గుడారాలు వేసుకున్నా, మిరపకాయ కోతకు ఇంకా చేతులు చాలవు. ఆ నెలల్లో మా హోమ్‌లోనూ చాలవు.

మాది బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు ఉండే చిన్న హోమ్. అందరినీ పిల్లలనే అంటాం గానీ కొందరికి జుట్టు నెరిసింది. నేనక్కడ స్పెషల్ టీచర్‌ని. నా పని సాయంత్రానికి అయిపోతుంది. స్నానం, అన్నం, మందులు, పక్క తడిస్తే దుప్పటి మార్చడం, రాత్రి కాపలా అన్నీ ఆయాలవే. ఈ ఏడు జనవరిలో ఇద్దరు ఆయాలు మానేశారు. నేను తప్పు పట్టలేదు. కోతకు వెళితే ఇక్కడికన్నా ఎక్కువ గిట్టుతుంది, రాత్రి ఇంట్లో పడుకోవచ్చు. ఇక్కడ విరాళాలు తగ్గిన నెల జీతం కూడా వెనకబడుతుంది.

‘ఒకరు పోతే ఇంకొకరు వస్తారు, దానికేముంది’ అంటారు చూడ్డానికి వచ్చినవాళ్లు.

మా దగ్గర మాటలు రాని కుర్రాడొకడు ఉన్నాడు. వాడికి అన్నం పెట్టడం నేర్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కాస్త కిందికి వంచాలి. ముద్ద ఉసిరికాయంతకు మించకూడదు. పెట్టాక గొంతునే చూస్తూ ఉండాలి, మింగినట్టు కదిలాకే రెండో ముద్ద. తొందరపడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా పట్టుకుంటుంది. ఇంతవరకు చదువులో చెప్పారు. మిగతాది ఆయా చెప్పింది. ఎడమ పక్క కూర్చుంటేనే వాడు నోరు తెరుస్తాడు. చొక్కా అంచు నలుపుతున్నాడంటే కాసేపట్లో ఫిట్స్ వస్తాయి. ‘చెయ్యి కొరుక్కుంటే కోపమనుకోకు టీచరమ్మా, పన్ను నొప్పి.’ ఇవేవీ మా రిజిస్టర్లో లేవు. ఆమె కోతల ఆటో ఎక్కిన రోజు మాకింకా చెప్పనివి ఎన్నున్నాయో అన్నీ ఆమెతోనే వెళ్లిపోయాయి.

తర్వాత వచ్చినామె మంచి మనిషే. వాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఆమె రాలేదు.

నా చదువుకైతే ఒక లెక్క ఉంది. సికింద్రాబాద్ బోయినపల్లిలో 1984లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థే పెట్టారు, టీచర్లను తయారుచేస్తోంది. 1992 చట్టం ప్రకారం పునరావాస మండలిలో పేరు నమోదైతేనే నేను స్పెషల్ టీచర్‌ని. రాత్రంతా మేలుకునే ఆయాను ఏ నమోదూ అడగరు, అందుకే ఆమె నేర్చినదానికి విలువా కట్టరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మాత్రం జీతం తీసుకున్నా తీసుకోకపోయినా చూసుకునేవాళ్లంతా సంరక్షకులేనంది. మా ఆయాల జీతం చూస్తే ఆ రెంటికీ పెద్ద తేడా కనపడదు.

డబ్బున్న దేశాలకూ ఈ కరువు తప్పలేదు. ఇలాంటి పనికి మనుషులు దొరక్క బ్రిటన్ 2022లో బయటి దేశాలవాళ్లకు వీసాలిచ్చింది, 2025లో కొత్తవాళ్లకు తలుపు మూసేసింది. ఈ సంగతి చెబితే మా ఆయా, ‘అక్కడ కోతలు ఉండవా టీచరమ్మా?’ అనడిగింది.

శివరాత్రి రోజున ఊళ్లన్నీ కోటప్పకొండ ప్రభల వెంట వెళ్లాయి. పిల్లలకు ప్రభల లైట్లంటే ప్రాణం, కానీ తీసుకెళ్లడానికి మనిషి లేడు. రాత్రికి నేనే ఉండిపోయాను. తొమ్మిది దాటాక గేటు చప్పుడైంది. ఆయా. ఆ రోజు కోతకు సెలవు. ‘ఎలాగూ జాగారం చేయాలి గదా, ఇక్కడే చేస్తా’ అంది.

ఆ కుర్రాడి అన్నం గిన్నె ఆమె చేతికివ్వబోయాను. తీసుకోలేదు. అరచేతులు చూపించింది, ఎర్రగా ఉన్నాయి. కొబ్బరినూనె ఎంత రాసినా మిరపకాయ మంట పోలేదట, వాడి మూతికి తగిలితే మండుతుందని భయం. ‘నువ్వు పెట్టు టీచరమ్మా’ అని చేతులు ఒళ్లో పెట్టుకుని ఎడమ పక్క కూర్చుంది. వాడు నా ముద్ద వైపు చూడనే లేదు. ఆమెనే చూస్తూ నోరు తెరిచాడు.