బండల ఇంట్లో గిటారు టోన్

కోడుమూరులో మామూలు ఇల్లంటే కింద బేతంచెర్ల బండలు, పైన సిమెంటు స్లాబు, చుట్టూ సున్నం కొట్టిన గోడలు. ఎండాకాలం ఆ బండల మీద పడుకుంటే హాయిగా ఉంటుంది గానీ, శబ్దానికి అంత మొండి గది ఇంకోటి ఉండదు. చప్పట్లు కొడితే గోడకూ గోడకూ మధ్య ఖంగున తిరుగుతాయి. అలాంటి గదిలో గిటారు యాంప్ పెట్టి, ముందు మైకు నిలబెట్టి రికార్డు చేస్తే గిటారు కంటే గదే ఎక్కువ వినపడుతుంది. పైగా ట్యూబు యాంప్ గట్టిగా మోగితేనే అసలు టోన్ ఇస్తుంది. అంత గట్టిగా మోగిస్తే పక్కింటివాళ్లే కాదు, వీధి చివరివాళ్లూ వచ్చి తలుపు కొడతారు.

మన వైపు గిటారు పట్టేది ఎక్కువగా చర్చి పిల్లలు. ఆదివారం ఆరాధనలో తీగలు మీటి మీటి చెయ్యి కుదిరాక, ఇంట్లో సొంతంగా ఒక పాట రికార్డు చేద్దామనిపిస్తుంది. అప్పుడు దొరికే మొదటి సలహా ‘మంచి యాంప్ కొను’ అని. నేనైతే ఆ సలహా ఇవ్వను. గిటారు సిగ్నల్ తిన్నగా ల్యాప్‌టాప్‌లోకి వెళ్లి, యాంప్ పనంతా లోపల సాఫ్ట్‌వేరు చేస్తే గదితో పనే ఉండదు. బండల ఇంటికి అది బాగా సరిపోయిన పద్ధతి. ఆ సాఫ్ట్‌వేరుకు డబ్బు పెట్టకుండానే అది ఈరోజు చాలా బాగా కుదురుతుంది కూడా.

అసలు మనం ముచ్చటపడే ఆ గరగర టోన్ పుట్టిందే లోపంగా. తక్కువ శక్తి ఉన్న ట్యూబు యాంప్‌ను మోయలేనంతగా మోయిస్తే సిగ్నల్ తలలు తెగి వచ్చే వికారం అది. 1964లో కింక్స్ బ్యాండు గిటారిస్టు డేవ్ డేవీస్ తన చిన్న యాంప్ స్పీకరు కోన్‌ను బ్లేడుతో చీల్చి మరీ ఆ మోత తెప్పించాడు. కంపెనీలు దాన్ని పెడళ్లలోకీ ఎక్కించాయి. ఇప్పుడు ప్రోగ్రాములు రాసేవాళ్లు అదే వికారాన్ని లెక్కల్లోకి దించి ఉచితంగా పంచుతున్నారు.

మొదట సిగ్నల్ లోపలికి వచ్చే దారి చూసుకోవాలి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో నేరుగా గిటారు వైరు గుచ్చితే టోన్ అక్కడే చచ్చిపోతుంది. గిటారు పికప్‌కు ఎదురుగా సుమారు పది లక్షల ఓముల ఇంపిడెన్స్ ఉండాలి. అంతకన్నా బాగా తక్కువైతే పై స్థాయి మెరుపు మాయమవుతుంది. అందుకే ఇన్‌స్ట్రుమెంట్ లేదా హై-జెడ్ అని రాసి ఉన్న ఇన్‌పుట్ గల చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. బెహ్రింగర్ యూఎం2 లాంటి చిన్నది చాలు. ఈ మొత్తం వ్యవహారంలో తప్పనిసరి ఖర్చు ఇదొక్కటే. మీ మామూలు ఊపుకంటే గట్టిగా ఒకసారి వాయించి, మీటరు శిఖరం మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా గెయిన్ సర్దండి. ఎర్ర లైటు వెలిగిందంటే ఆ టేకు పోయినట్లే. ట్యూబు వికారం చెవికి ఇంపుగా ఉంటుంది, ఇన్‌పుట్ దగ్గరి డిజిటల్ వికారం కాదు.

ఇక ఆలస్యం సంగతి. తీగ మీటిన తర్వాత శబ్దం చెవికి చేరేదాకా పట్టే సమయాన్ని బఫర్ నిర్ణయిస్తుంది. సెకనుకు 44,100 శాంపిళ్ల వేగంలో 128 శాంపిళ్ల బఫర్ అంటే ఒక్కో దిశలో దాదాపు 3 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం ఒక మీటరు దూరం రావడానికి అంతే పడుతుంది కాబట్టి చేతికి తేడా తెలియదు. 1,024 పెడితే 23 దాటుతుంది, వేళ్లు తడబడతాయి. విండోస్‌లో ఇంటర్‌ఫేస్‌కు సొంత డ్రైవరు లేకపోతే ఏషియో4ఆల్ అనే ఉచిత డ్రైవరు ఈ చిక్కు తీరుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువమంది తప్పటడుగు వేసేది క్యాబినెట్, అంటే స్పీకరు పెట్టె దగ్గర. మొన్న ఇంటర్ చదివే పిల్లోడొకడు ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చినాడు. “అన్నా, ఎన్ని యాంపులు మార్చినా తేనెటీగలు ముసిరినట్ల వస్తాండాది. ఏం చెయ్యల్ల?” తెరమీద చూస్తే ఇగ్నైట్ యాంప్స్ వారి ఎమిసరీ అనే యాంప్ సాఫ్ట్‌వేరు ఉంది, నాబులన్నీ చివరిదాకా తిప్పి ఉన్నాయి. దాని వెనకాల ఏమీ లేదు. ఎమిసరీ యాంప్ తల మాత్రమే, స్పీకరు పెట్టె కాదు. గిటారు స్పీకరు 5,000 హెర్ట్జ్ దాటాక పై శబ్దాన్ని బాగా మింగేస్తుంది. ఆ మింగుడు లేకపోతే మిగిలేది రొదే. స్పీకరు పెట్టె పని చేయడానికి అదే కంపెనీ ఉచితంగా ఇచ్చే నాడిర్ తెరిచి, అందులో ఒక ఐఆర్ వేశాం. ఐఆర్ అంటే ఒక స్పీకరు పెట్టెనూ, ముందున్న మైకునూ, ఆ మైకు పెట్టిన చోటునూ కలిపి పట్టుకున్న చిన్న వేవ్ ఫైలు. పిల్లోడు హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఒక తీగ మీటినాడు, మళ్లా మీటినాడు. “ఏందన్నా, ఇంత తేడానా!” అన్నాడు. యాంప్ అదే, నాబులు అవే. ఐఆర్ మారిస్తే టోన్ మారినంతగా యాంప్ మారిస్తే మారదని నా అభిప్రాయం. మైకు కోన్ నడిమధ్యలో పెట్టి తీసిన ఐఆర్ పదునుగా, అంచు దగ్గర తీసింది మెత్తగా ఉంటుంది. షూర్ ఎస్ఎమ్57 మైకుతో తీసినవి ఒక రెండు మూడు దగ్గర పెట్టుకుంటే ఎక్కువ పాటలకు సరిపోతాయి. వందలకొద్దీ దింపుకుంటే వినడంలోనే సాయంత్రం గడిచిపోతుంది.

ఇప్పుడు ఒక్కటే దింపుకోవాలంటే నేను చెప్పే పేరు న్యూరల్ యాంప్ మోడలర్ అనే ప్లగిన్, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేరు లోపల నడిచే చిన్న ప్రోగ్రాము. స్టీవెన్ ఆట్కిన్‌సన్ తయారు చేసి, సోర్సుకోడుతో సహా అందరికీ ఇచ్చేశాడు. నిజమైన యాంప్‌లోకి ఒక పరీక్షా సిగ్నల్ పంపి, లోపలికి పోయినదానికీ బయటికొచ్చినదానికీ ఉన్న సంబంధాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పుతారు. అలా లోకంలో ఎవరెవరో తమ యాంపులను పట్టి పెట్టిన ఫైళ్లు టోన్3000 అనే వెబ్‌సైటులో వేలకొద్దీ దొరుకుతాయి. ఐఆర్ వేసే చోటూ, నాయిస్ గేటూ ఈ ప్లగిన్ లోపలే ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తే లైట్, ఫెదర్ అనే తేలిక మోడళ్లు వాడొచ్చు.

గెయిన్ విషయంలో చెవిని కాస్త అనుమానించాలి. ఒంటరిగా వాయిస్తున్నప్పుడు ముచ్చటగా ఉన్నంత గెయిన్, డ్రమ్ములు, గొంతు కలిసేసరికి బురదవుతుంది. కొంచెం తగ్గించి, యాంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ పెడల్‌ను అనుకరించే టీఎస్ఈ 808 లాంటి ప్లగిన్ పెట్టండి. డ్రైవ్ సున్నాకు దగ్గరగా, లెవెల్ ఎక్కువగా ఉంచితే అది కింది బరువు తగ్గించి మధ్య స్థాయిని ముందుకు తోస్తుంది. గిటారు కింది తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది కాబట్టి ఈక్యూలో 80కి దిగువనున్నది కోసేయొచ్చు. గట్టి పాటలో 100 దాకా కోసినా నష్టం లేదు, ఆ చోటు బేస్ గిటారుది.

ఈ వికారానికి ఒక సంగీత నియమం ఉంది. అది మన చెవికి కొత్తేమీ కాదు. షడ్జమం, పంచమం కలిపి మీటితే ఎంత గరగరలోనైనా నిలుస్తాయి. రాక్ వాళ్ల పవర్ కార్డ్ అంటే అదే. మధ్యలో గాంధారం చేర్చారా, స్వరాలు ఒకదాన్నొకటి గీసుకుంటాయి. కీర్తనో, రాగాలాపనో వాయించాలనుకుంటే ఇంకా తక్కువ గెయిన్, మెడ దగ్గరి పికప్, సన్న తీగలు, ఒక కంప్రెసర్ చాలు. ఎలక్ట్రిక్ తీగ మీద గమకం పలుకుతుందా అని సందేహపడేవాళ్లకు పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎప్పుడో జవాబిచ్చాడు. జంట తీగల మాండొలిన్‌ను వదిలి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కచేరీలు చేశాడు. ఒంటి తీగ అయితేనే వేలు లాగినట్లల్లా వస్తుంది, కరెంటు దానికి నిలకడ ఇస్తుంది.

రిథమ్ గిటారు వెడల్పుగా వినపడాలంటే అదే భాగాన్ని రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకు, ఇంకోటి కుడికి పంపాలి. ఒకే ట్రాకును కాపీ చేసి రెండు వైపులా వేస్తే వెడల్పు రాదు, నడిమధ్యలో మోత పెరుగుతుందంతే. రెండు టేకుల మధ్య చేతి తేడాయే ఆ వెడల్పు.

హమ్ము అనే పీడ ఒకటుంది. 50 హెర్ట్జ్ కరెంటు గుంయ్ మనే మోత, ఫ్యాను రెగ్యులేటరు గురక, ఎర్త్ సరిగా లేని సాకెట్టు, అన్నీ పికప్‌లోకి దూరతాయి. టేకు తీసే అయిదు నిమిషాలు చార్జరు పీకేయండి, ఫ్యాను ఆపండి, హమ్ము తగ్గే దిక్కుకు తిరిగి కూర్చోండి. నవ్వొచ్చే మాటే గానీ, కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద తీసినంత శుభ్రమైన టేకు మామూలప్పుడు రాదు. ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ మీదే బతుకుతుంది కాబట్టి పని ఆగదు.

చివరిగా ఒక మాట. ప్లగిన్లు ఏవి వాడినా, వాటిని దాటకముందే వచ్చే ఒట్టి గిటారు సిగ్నల్‌ను వేరే ట్రాకుగా దాచుకోండి, చెరపొద్దు. వినడానికి పేలవంగా ఉంటుంది, ఉండనీయండి. ఈరోజు నచ్చిన టోన్ వచ్చే ఏడు నచ్చకపోతే మళ్లీ వాయించే పని లేకుండా, అదే టేకును కొత్త యాంప్‌లోంచి పంపుకోవచ్చు.