కల్పిత వ్యోమనౌకలు: మూర, ఆమడ

వ్యోమనౌక ఎంత పెద్దదో కథలోని అంకె చెప్పును. ఆ పెద్దతనము మనస్సున కెక్కుటకు మాత్రము పరిచితమైన కొలత కావలెను. జూల్ వెర్న్ 1865లో ప్రకటించిన చంద్రయాన నవలలో ముగ్గురు మనుష్యులు ఎక్కిన గుండు బయటి వెడల్పు 9 అడుగులు, ఎత్తు 12 అడుగులు. మూరకు అడుగున్నర చొప్పున అవి 6, 8 మూరలు. ఎంత ఇరుకో వెంటనే స్ఫురించును.

ఆర్థర్ సి. క్లార్క్ 1973లో వెలువరించిన నవలలోని 'రామ' నౌక స్తంభాకారము. దాని లోపలి పొడవు సుమారు 50 కిలోమీటర్లు. ఆమడకు 8 మైళ్ల లెక్కన దాదాపు 4 ఆమడలు. గంటకు 5 కిలోమీటర్లు నడచువానికి 10 గంటల నడక. అయినను క్లార్క్ అంకెతో తృప్తి చెందలేదు. ఇరుసు వద్ద బరువెరుగని మనుష్యులను సుదీర్ఘమైన మెట్ల వెంట దింపెను. దిగినకొలది వారి బరువు పెరుగును. పాఠకుడు ఆ నౌకను కాళ్లతో కొలుచును. నవల బలమంతయు ఇందే కలదు.

రాష్ట్రేతరాంధ్రుల బడులలో ఇట్టి కథలు చెప్పునపుడు కిలోమీటరు సరసన మూరను, ఆమడను నిలుపుట మేలు. పెద్దల నోట మిగిలిన ఈ మాటలకు పిల్లల వద్ద పని కల్పింపవలెను. పని లేని మాట నిఘంటువున నుండునే గాని నాలుకపై నిలువదు.