దమ్ము మడి, బీడు నేల

గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ గేట్లు ఎత్తేశాక మహారాష్ట్రలోని సిరొంచ వైపు వలస పిట్టలు తగ్గాయని ఈ వారం ఒకాయన అంటే నాకు ఒళ్లు మండింది. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగినప్పటి నుంచి అక్కడ నీళ్లు నిలపడం లేదు, నిజమే. కానీ ఉల్లంకి పిట్టకు బ్యారేజీతో ఏం పని? దాని కాలు మన వేలంత. లోతు నీళ్లలో అదేం తింటుంది? ఆ బ్యారేజీ బ్యాక్‌వాటర్ ముంచింది మాత్రం సిరొంచ రైతుల పొలాలను.

నా పాత పాటే మళ్లీ పాడుతున్నాను: వలస పిట్టను చూడాలంటే అభయారణ్యానికి కాదు, దమ్ము మడికి పోవాలి. సైబీరియా దిక్కు నుంచి ఆగస్టులో దిగే ఉల్లంకులకు, అంటే వుడ్ శాండ్‌పైపర్లకు, నాటు పడని బురద కావాలి. పైరు దట్టంగా ఎదిగితే అక్కడ ఉండవు. ప్రాణహిత ఒడ్డున ఒక రైతు ఒక్క మాటలో తేల్చేశాడు: "నీళ్లల్ల ఏముంటయి సార్, కేజ్ వీల్స్ ఎనక చూడుండ్రి." ట్రాక్టర్ ఆ ఇనుప చక్రాలతో తిరగేసిన బురదలో పురుగులు పైకొస్తాయి. పొద్దును వీపుకు పెట్టుకుని గట్టు మీద కదలకుండా కూర్చుంటే అవే దగ్గరికొస్తాయి. కంటి మీద తెల్ల గీత, వీపు నిండా చుక్కలు, పసుపు కాళ్లు. లేచి ఎగిరితే తోక మొదట్లో తెల్ల మచ్చ.

సిరొంచ అనగానే నాకు కలివికోడి కూడా గుర్తొస్తుంది. ఉల్లంకికి, తీతువుకు దూరపు చుట్టం. 1848లో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్ లోకానికి చూపించిన ఆ పిట్టను, తర్వాత మరో ప్రకృతి శాస్త్రవేత్త బ్లాన్‌ఫోర్డ్ భద్రాచలం దగ్గర, ఈ సిరొంచ దగ్గర చూశాడు. 1900 తర్వాత ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దానికి బురద అక్కర్లేదు. ముళ్ల పొదలు, వాటి మధ్య ఖాళీ నేల, రాత్రి చీకటి చాలు.

ఇన్నేళ్లూ అందరినీ మడుల మీదికే తోలాను. ఈ మడి నాటు పడితే ఉల్లంకి పక్క మడికి పోతుంది. పొదల బీడును బంజరని దున్నేస్తే కలివికోడి లాంటిది ఎక్కడికి పోతుంది? అందుకే ఈ చలికాలం సిరొంచ వచ్చేవాళ్లు మడులు వదిలి బీళ్లు తిరగండి. పిట్ట కనబడకపోయినా, ఏ ఊరి శివారులో ఏ బీడు ఇంకా దున్నకుండా మిగిలిందో రాసి పంపండి.